నెల తర్వాత తీసెయ్యవలసిన లైను

పామర్రు,
12 జులై 2001

అల్లుడు మరియదాసు గారికి,

మామ శౌరయ్య దీవెనలు. మేం ముగ్గురం కులాసా. కాలవకి నీళ్లొదిలారు, నాట్లు మొదలయ్యాయి, ఊళ్లో పనికి మనిషి దొరకడం లేదు. మీ ఇంటికి పగలంతా తాళమే ఉంటుందన్నారు కాబట్టి ఆఫీసు అడ్రసుకే రాస్తున్నాను.

ముందుగదిలో ఇంటర్నెట్ సెంటర్ తెరిచాం. రెండు కంప్యూటర్లు, ఒక మోడెం, ఒక టేబుల్ ఫ్యాను. మీ అత్తయ్య తెరేసమ్మ ఫాదర్ గారిని పిలిచి ప్రార్థన పెట్టించింది. ఆయన నీళ్లు కాస్త ధారాళంగా చల్లారు, ఒక కీబోర్డు ఎండలో ఆరబెట్టాం. "రిటైరైన టెలిఫోన్ ఆపరేటరుకి ఈ వయసులో ఇదేం సరదా అండీ" అని మీ అత్తయ్య పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి అడుగుతోంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒకరితో ఒకరిని కలిపినవాణ్ని, అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బస్సులు లెక్కపెట్టడం నా వల్ల కాదు.

ఇక అసలు సంగతి. మీరు మీ ఆఫీసు సర్వర్లో అమలకి ఇచ్చిన మెయిల్ తెరుచుకోవడం లేదు. పెళ్లైన కొత్త. ఈ ఏడాది స్కూల్లో పాఠాలు చెప్పడం పూర్తి చేసి వేసవికి మద్రాసు వస్తానంది, మీరు సరేనన్నారు, బాగుంది. కానీ స్కూలు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటుంది, పేరు కొడుతుంది, పేజీ దొరకలేదని వస్తుంది, మొహం ముడుచుకుని లేస్తుంది. మోడెం కూత పెడుతోంది, లైను తగులుతోంది. మరి అడ్డం ఎక్కడ?

మీ మామ,
శౌరయ్య


చెన్నై,
20 జులై 2001

పూజ్యులైన మామగారికి,

నమస్కారాలు. అత్తయ్యగారిని అడిగానని చెప్పండి. ఫోనులో చెప్పేకంటే కాగితం మీద ఉంటే మెషీన్ పక్కన పెట్టుకుని చేసుకోవచ్చని రాస్తున్నాను. నిజానికి ఇదంతా మీ వృత్తిలోదే, మీకు నేను చెప్పడం బాగుండదు.

మనం పేరుతో పిలుస్తాం. కంప్యూటరుకి నంబరు కావాలి. పేరు కొట్టగానే మీ మెషీన్ ముందు తన దగ్గరే ఉన్న 'హోస్ట్స్' అనే చిన్న ఫైలు చూసుకుంటుంది. అందులో ఆ పేరు, దాని నంబరు రాసి ఉంటే అక్కడితో సరి, ఇంకెవర్నీ అడగదు. లేకపోతే సెట్టింగుల్లో మనం ఇచ్చిన డి.ఎన్.ఎస్. సర్వర్‌ని అడుగుతుంది. మీ రోజుల్లో నంబర్లు చెప్పే ఎంక్వయిరీ ఉన్నట్టే అనుకోండి. దానికీ తెలియకపోతే అది పైవాళ్లని అడిగి కనుక్కుని చెబుతుంది. చెప్పేటప్పుడు 'ఈ నంబరు ఇంతసేపే నమ్ము, తర్వాత మళ్లీ అడుగు' అని గడువు కూడా పెడుతుంది. సర్వర్లు కూడా ఇల్లు మారుతుంటాయి కదండీ.

మీ కనెక్షన్‌కి ఇచ్చిన ఎంక్వయిరీ ఇప్పుడు సరిగా పలకడం లేదు. నెలలోపు బాగవుతుందని కనుక్కున్నాను. అందాకా ఒక ఉపాయం. విండోస్ ఫోల్డర్లో ఉన్న హోస్ట్స్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, విడిగా రాసి పంపిన లైను అలాగే కొట్టండి. ముందు మా మెయిల్ సర్వర్ నంబరు, తర్వాత ఖాళీ, తర్వాత దాని పేరు. రెండు మెషీన్లలోనూ చేయండి.

ఆ ఫైల్లో రాసినదానికి గడువు ఉండదు. అందుకని నెల తర్వాత ఆ లైను తీసెయ్యండి.

విధేయుడు,
మరియదాసు


పామర్రు,
9 ఆగస్టు 2001

అల్లుడు గారికి దీవెనలు.

మీ ఉపాయం పారింది, కానీ వారం తిప్పలు పెట్టింది. మీరు చెప్పినట్టే కొట్టి సేవ్ చేశాను. పేజీ రాలేదు. మళ్లీ కొట్టాను. రాలేదు. చివరికి తేలిందేమిటంటే, నోట్‌ప్యాడ్ నాకు మాటమాత్రమైనా చెప్పకుండా ఫైలు పేరు చివర టి.ఎక్స్.టి. అని తోక తగిలించింది. తోక ఉన్న ఫైలుని కంప్యూటర్ గుర్తుపట్టదట. తోక కోసేశాక మీ మెయిల్ పేజీ కొట్టీకొట్టగానే వచ్చింది. అమల చప్పట్లు కొట్టింది. మీరు రాసిందేదో చదువుకుని వంటింట్లోకి వెళ్లి కూడా నవ్వుకుంటూనే ఉంది. ఏం రాశారో నేను అడగలేదు.

నాకు నచ్చిందండీ ఈ హోస్ట్స్ ఫైలు. పాత ఎక్స్ఛేంజిలో జనం నంబరు చెప్పేవాళ్లు కాదు. "శౌరయ్యా, రైసు మిల్లివ్వు", "కంకిపాడులో మా వియ్యంకుడినివ్వు" అనేవాళ్లు. నేను డైరెక్టరీ తిరగేసి ఎరగను. నంబర్లన్నీ నోటికి ఉండేవి. ఎంక్వయిరీని అడిగి చెప్పే ఆపరేటరంటే మాలో మాకు చులకన.

నెల తర్వాత తీసెయ్యమన్నారు. పలుకుతున్న లైనుని చేతులారా పీకేసిన ఆపరేటర్ని నేను చూడలేదు. ఉంచుతున్నాను.

శౌరయ్య


చెన్నై,
18 ఆగస్టు 2001

పూజ్యులైన మామగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. తీసేస్తేనే మంచిదని నా ఉద్దేశం. అయినా మీకు తెలియనిది కాదు. మీ ఇష్టం.

మరియదాసు


చెన్నై,
3 జులై 2002

పూజ్యులైన మామగారికి,

నమస్కారాలు. అమల వేసవంతా ఇక్కడుండి, స్కూలు తెరిచారని వెళ్లాక ఇల్లు బోసిగా ఉంది. మూడో నెల వచ్చింది కాబట్టి ప్రయాణాలు తగ్గించుకోమని చెప్పండి, నేను చెబితే నవ్వుతోంది. వెళ్లేటప్పుడు కొండపల్లి అంబారీ ఏనుగుని ఇక్కడే ఉంచి, పుట్టేవాళ్లకి ఇదే మొదటి బొమ్మ, జాగ్రత్తగా చూడమంది. నా టేబుల్ మీద పెట్టాను.

మా ఆఫీసు ఆగస్టులో కొత్త భవనానికి మారుతోంది. సర్వర్లు మార్చే పని నాది. మెయిల్‌కి కొత్త మెషీన్ పెడుతున్నాం. ఏదైనా తేడా వస్తే చూసుకోవడానికి పాతది కూడా పాత భవనంలో కొన్నాళ్లు నడుస్తూ ఉంటుంది. పేరు అదే, నంబరు మాత్రం మారుతుంది. డి.ఎన్.ఎస్.లో నేనే మారుస్తాను కాబట్టి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

ఉత్తరాలకి మాత్రం కొత్త ఆఫీసు అడ్రసు కింద రాశాను. దయచేసి రాసిపెట్టుకోండి.

మరియదాసు


పామర్రు,
15 సెప్టెంబరు 2002

అల్లుడు గారికి,

మీరు వచ్చి వెళ్లి మూడు వారాలైంది. అమల లేచి తిరుగుతోంది. స్కూలుకీ వెళ్తోంది. తిండి సరిగా తినడం లేదని మీ అత్తయ్య అంటుంది, నాకైతే మునుపటిలాగే తింటున్నట్టుంది. మగవాళ్లకి ఇవి కనపడవేమో.

విజయవాడ ఆస్పత్రిలో బిడ్డ దక్కలేదని తెలిసిన గంటలోనే మీకు ఫోను చేయించాం. మీరు నాలుగో రోజున వచ్చారు. సర్వర్లు సగంలో వదిలి రాలేకపోయానన్నారు. తుఫాను వచ్చినప్పుడు నేనూ ఎక్స్ఛేంజిలో బోర్డు వదల్లేదు. మా ఇంటి కప్పు ఎగిరిపోయిన సంగతి నాకు ఎవరో దారినపోయేవాళ్లు చెప్పారు. కాబట్టి నేను మిమ్మల్ని తప్పు పట్టలేను. అమల పట్టింది. అది మీరూ మీరూ చూసుకోవలసిన సంగతి.

ఫోనుకి రావడం లేదని ఇంకోలా అనుకోవద్దు. ఉన్న ఒక్క ఫోనూ సెంటర్లో ఉంది. సగం రోజు ఇంటర్నెట్‌కే పోతుంది. మిగతా సగం పక్కనే నలుగురు కుర్రాళ్లు చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. వాళ్ల ముందు మొగుడితో ఏం పోట్లాడుతుంది, ఏం ఏడుస్తుంది? "చెప్పేదేమన్నా ఉంటే మెయిల్ రాయమనండి నాన్నా, చదువుతా" అంది. ఆ మాట మీకు చేర్చాను. ఇక నేను తప్పుకుంటున్నాను.

శౌరయ్య


చెన్నై,
21 అక్టోబరు 2002

పూజ్యులైన మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన రోజే అమలకి రాశాను. అప్పటినుంచీ వారం వారం రాస్తూనే ఉన్నాను. జవాబు రాలేదు. కోపం ఉండటం న్యాయమే. కానీ చదువుతోందో లేదో తెలియక ఇబ్బందిగా ఉంది.

మీ దగ్గర మెయిల్ సరిగా తెరుచుకుంటోందా? సెట్టింగులు ఒకసారి చూడగలరా? మీ పనిని శంకిస్తున్నానని అనుకోకండి.

మరియదాసు


పామర్రు,
10 నవంబరు 2002

అల్లుడు గారికి,

సెట్టింగులు చూశాను. డి.ఎన్.ఎస్. నంబర్లు రెండూ కనెక్షన్ వాళ్లిచ్చినవే ఉన్నాయి, అంకె అంకె సరిచూశాను. మిగతా పేజీలు నసిగి నసిగి వస్తాయి గానీ మీ మెయిల్ పేజీ కొట్టగానే వస్తుంది. ఈ సెంటర్లో దానంత చక్కగా పలికే లైను ఇంకోటి లేదు.

అమల రోజూ సాయంత్రం కిటికీ పక్క మెషీన్ దగ్గర కూర్చుంటుంది. పెట్టె తెరుచుకునేదాకా నేను చూస్తాను, ఆ తర్వాత అటు వెళ్లను. చదువుతుంది. రాస్తుంది కూడా, ఒక్కోసారి పేజీలకి పేజీలు కొట్టడం వినపడుతుంది. ఎవరికి రాస్తుందో నేను అడగను. లైను కలిపాక చెవి తీసేయడం మా ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి పాఠం. అందుకే మీరు నాకు రాసినది దానికి చెప్పలేదు, అది ఇంట్లో అనేది మీకు రాయను. ఇద్దరి మధ్య మాటలు మోసేవాడు చివరికి ఇద్దరికీ చేదవుతాడు, నేను చూశాను.

కోతలు దగ్గరపడ్డాయి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

శౌరయ్య


చెన్నై,
6 జనవరి 2003

పూజ్యులైన మామగారికి,

నమస్కారాలు, కొత్త సంవత్సర శుభాకాంక్షలు.

అమల రోజూ మెయిల్ చదువుతోందని, రాస్తోందని రాశారు. నాకైతే ఒక్కటీ రాలేదు. క్రిస్మస్‌కి రమ్మంటే వస్తాను, ఒక్కమాట రాయి అని అడిగాను. పండగ నాడు ఆఫీసులోనే కూర్చుని చూశాను. చదివి కూడా ఊరుకోవడమంటే వద్దనే కదండీ అర్థం. బలవంతం చేసే మనిషిని కాను.

మీరు ఏమీ చెప్పవద్దు. మీ పద్ధతి నాకు తెలుసు.

మరియదాసు


పామర్రు,
20 ఫిబ్రవరి 2003

అల్లుడు గారికి,

పదకొండో తేదీన గుణదల మాత తిరునాళ్లకి వెళ్లొచ్చాం. విజయవాడ అంతా అక్కడే ఉన్నట్టుంది. ఆటోలు ఏలూరు రోడ్డు దగ్గరే ఆపేశారు. మీ అత్తయ్య మోకాళ్ల నొప్పులతోనే కొండెక్కింది. అమల ఎక్కలేదు. కొండ కింద కొవ్వొత్తుల కొట్ల దగ్గరే నిలబడింది. మేం దిగి వచ్చి "పోదామా" అంటే "మీరు వెళ్లండి, నేను వెనకాల వస్తా" అంది. చీకటి పడ్డాక ఆఖరి బస్సుకి వచ్చింది. దేనికి ఆగిందో నాకు తెలియదు, అడగలేదు. మొహం చూస్తే అడగాలనిపించలేదు.

ఇంటికొచ్చాక మీ అత్తయ్యతో ఒక మాట అంది. గుంటూరు వైపు సిస్టర్ల హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం ఉందట, ఉండటం అక్కడే. జూన్ పదిన చేరతానని మాట ఇచ్చేసిందట. ఒకసారి చేరితే ఇక అదే దాని ఇల్లు. ఇలాంటివి మీకు రాయనన్నాను. ఇది మాత్రం మీకు తెలియకుండా జరగకూడదని రాస్తున్నాను.

మీ మీద నాకు కోపం ఉంది. దాచుకోవడం ఎందుకు?

శౌరయ్య


చెన్నై,
14 మార్చి 2003

మామగారికి నమస్కారాలు.

అమల నిర్ణయం తెలిసింది. మంచిది. తన చీరలు, పుస్తకాలు, మిగతా సామాను ట్రంకుపెట్టెలో సర్ది రైల్వే పార్సిల్‌లో విజయవాడకి పంపుతున్నాను. ఏనుగు బొమ్మ కూడా అందులో ఉంది. దాన్ని చూస్తూ పని చేయలేకపోతున్నాను.

ఇద్దరికని తీసుకున్న ఇల్లు కూడా వదిలేస్తున్నాను. ఏప్రిల్ ఆఖరుకి ఆఫీసు పాత భవనం ఖాళీ చేయాలి, ఆ హడావుడిలో ఉంటాను. ఉత్తరాలు ఆలస్యమైతే క్షమించండి.

మరియదాసు


పామర్రు,
5 మే 2003

మరియదాసు గారికి,

పెట్టె చేరింది. అమల తాళం తీసి ఏనుగుని మాత్రం బయటపెట్టి మళ్లీ తాళం వేసేసింది.

ఇప్పుడు ఒకటి సూటిగా అడుగుతున్నాను. దాని మెయిల్ కూడా మూసేశారా? బుధవారం పొద్దున తెరుచుకుంది. ఆ సాయంత్రం నుంచి అసలు రావడం లేదు. మిగతా పేజీలన్నీ వస్తున్నాయి. ఇంటర్ ఫలితాల పేజీలు కూడా వస్తున్నాయి, జనం గుమ్మం దాకా నిలబడి చూసుకుంటున్నారు. మీ ఆఫీసు పేజీ ఒక్కటే రాదు. ఇన్నాళ్లలో ఒక్క పూట కూడా ఆగని లైను అది. మూసినవాళ్లు లేకుండా అదెలా మూసుకుంటుంది?

జవాబు రాయకపోతే రాయకపోయారు. మీ మీద కోపమున్నా అది రోజూ అక్కడికొచ్చి కూర్చునేది. ఆ కుర్చీ కూడా లాగేయాలా? మీరు ఇంత చేస్తారనుకోలేదు.

శౌరయ్య


చెన్నై,
9 మే 2003

పూజ్యులైన మామగారికి,

మీ ఉత్తరం ఆఫీసు గుమ్మంలో నిలబడే చదివాను. పొద్దుటి నుంచీ మీకు ఫోను చేస్తున్నాను, ఎంగేజ్ వస్తోంది. ఫలితాల రద్దీ అయి ఉంటుంది. కొరియర్‌లో పంపుతున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

నేను అమల పెట్టె మూయలేదు. ఆ బుధవారం మధ్యాహ్నం నేను మూసినది పాత భవనంలో ఉన్న పాత మెయిల్ సర్వర్‌ని. అది ఆగినప్పుడే మీ దగ్గర పేజీ ఆగిందంటే, ఇన్నాళ్లూ అమల తెరుస్తున్నది దాన్నే.

హోస్ట్స్ ఫైల్లో నేను రాయమన్న లైను మీ దగ్గర ఇంకా ఉంది కదండీ? మీరు ఉంచుతానని రాశారు. నేను మీ ఇష్టం అన్నాను. తర్వాత ఇద్దరం మర్చిపోయాం. నిరుడు ఆగస్టులో కొత్త నంబరు డి.ఎన్.ఎస్.లో మార్చాను, లోకమంతా కొత్త సర్వర్‌కి వచ్చింది. మీ మెషీన్లు మాత్రం ఎవర్నీ అడగవు. పేరు పక్కన పాత నంబరు ఉంది, నేరుగా పాత సర్వర్‌కి వెళ్లాయి. అది నడుస్తూనే ఉంది కాబట్టి తలుపు తీసింది, పాస్‌వర్డు ఒప్పుకుంది, అమలకి తన పాత మెయిళ్లన్నీ చూపించింది. నేను ఆగస్టు తర్వాత రాసినవి అక్కడ లేవు. అవి కొత్తదానిలో పడ్డాయి. తప్పు అని ఎక్కడా రాకపోతే ఎవరికి అనుమానం వస్తుంది?

ఇవాళ కొత్త సర్వర్‌లో అమల పెట్టె చివరిసారి ఎప్పుడు తెరిచిందో చూశాను. ఒక్కసారి కూడా తెరవలేదు. ఇది చూడటం నా చేతిలో పనే, ఎప్పుడో చూసి ఉండవచ్చు. భార్య మీద నిఘా పెట్టినట్టుంటుందని చూడలేదు. మీరు లైను కలిపి చెవి తీసేశారు, నేను అంతకంటే మర్యాదస్తుణ్ని అయ్యాను.

ఇంకా ఉంది. పాత మెషీన్‌ని తుక్కు కొనేవాడు ఆటోలో పెట్టుకుంటుంటే పరుగెత్తి ఆపాను. నెట్‌వర్క్ తీగ తగిలించకుండా ఆన్ చేశాను. అందులో నా పాత పెట్టె కూడా ఉంది. అమల నాకు రాసినవన్నీ అక్కడే ఉన్నాయి మామగారూ. ఆ సర్వర్ తనే మా ఆఫీసు మెయిల్ అనుకుంటోంది, కాబట్టి అక్కడ రాసినవి అక్కడే పెట్టేసుకుంది. నవంబరులో రాసినవి ఉన్నాయి. బిడ్డ గురించి రాసినది ఉంది. జనవరి ఆఖరున రాసినది ఉంది. 'గుణదల తిరునాళ్ల రోజున కొండ కింద కొవ్వొత్తుల కొట్ల దగ్గర ఉంటాను. మీరు వస్తే మాట్లాడుకుందాం. రాకపోతే నేను ఇంకెప్పుడూ రమ్మనను.' అంతే ఉంది అందులో. ఆ రోజు నేను ఆఫీసులో కూర్చుని తన నుంచి ఏమైనా వచ్చిందా అని చూస్తున్నాను.

మీ ఉత్తరంలో మీరు రాశారు, చీకటిపడేదాకా నిలబడిందని. ఆ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

ఇవాళ్టి రైలుకే బయల్దేరవచ్చు. కానీ నేను రాసినవి తను చదవకముందే ఎదురుగా వచ్చి నిలబడితే సంజాయిషీ చెప్పుకోవడానికి వచ్చినట్టుంటుంది. ముందు చదవనివ్వండి. హోస్ట్స్ ఫైలు తెరిచి ఆ లైను తీసేసి, ఫైలు సేవ్ చేసి, మెషీన్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి. తోక తగలకుండా చూడండి. పేరు అదే, పాస్‌వర్డు అదే. చదివాక అమల హాస్టల్‌కే వెళ్తానంటే నేను ఒక్కమాట అనను.

మీ అల్లుడు,
మరియదాసు


పామర్రు,
15 మే 2003

అల్లుడు మరియదాసుకి,

ఇన్నాళ్లూ గారు పెట్టి రాశాను. ఇవాళ చేయి రావడం లేదు, కొడుకుతో మాట్లాడుతున్నట్టుంది. ఏమీ అనుకోకు.

నీ కొరియర్ మొన్న మధ్యాహ్నం వచ్చింది. రెండుసార్లు చదివాను. మీ అత్తయ్యకి చదివి వినిపించాను. ఆమె లోపలికి వెళ్లి, తిరిగొచ్చి "నోటికొచ్చిన నంబర్లు చాలండీ ఇంక, తీసెయ్యండి" అంది. తీసేశాను. ఒక్క లైను. ఆ లైనుని నేను ఎంత మురిపెంగా చూసుకున్నానో నీకు తెలుసు. తీస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. నీ మీద నేను పెట్టుకున్న కోపం అంతా ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

"అల్లుడు రాస్తున్నాడా అమ్మా" అని ఇంట్లో ఒక్కసారి అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది. అన్నం పెట్టేటప్పుడు అడగవచ్చు, స్కూలుకి వెళ్లేటప్పుడు అడగవచ్చు. అడగకపోవడమే పెద్దరికం అనుకున్నాను.

ఆ సాయంత్రం అమల వచ్చింది. కిటికీ పక్క మెషీన్ దగ్గర ఎవరో కుర్రాడు మార్కులు చూసుకుంటుంటే వాణ్ని లేపి, కుర్చీ దులిపి, "ఇప్పుడు చూడమ్మా" అన్నాను. ఎందుకో చెప్పలేదు. నా అలవాటు కొద్దీ గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. ఈసారి మాత్రం చెవి తీయలేదు. పాస్‌వర్డు కొట్టిన చప్పుడు వినపడింది. తర్వాత "నాన్నా" అని పిలిచింది. వెళ్లాను. స్క్రీను నిండా నీ పేరే ఉంది, ఒకదాని కింద ఒకటి. "ఆయన రాశారు నాన్నా" అంది. అని అక్కడే కూర్చుని, మొదటినుంచి వరసగా చదివింది. మీ అత్తయ్య కాఫీ తెచ్చిపెడితే చల్లారిపోయింది. సెంటర్లో వాళ్లని నేనే పంపించేశాను, కరెంటు పోయిందని చెప్పాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, అయినా లేచి వెళ్లారు.

నీ కొరియరు కూడా దాని చేతికిచ్చాను. తిరునాళ్ల సంగతి ఉన్న చోట వేలు పెట్టి ఆగింది. అక్కడ మాత్రం ఏడ్చింది.

అది జరిగి రెండు రోజులైంది. హాస్టల్ సిస్టర్లకి రానని రాయలేదు, వస్తాననీ మళ్లీ చెప్పలేదు. నీ మీద కోపం పోయిందా అంటే నాకు పూర్తిగా పోయినట్టు లేదు. నాలుగో రోజున వచ్చిన మాట మిగిలే ఉంది, అది మెయిల్ చేసిన తప్పు కాదు కదా. కానీ ఇవాళ పొద్దున ఏనుగు బొమ్మని తుడిచి కంప్యూటర్ మీద పెట్టింది. బజారుకి వెళ్తూ గుమ్మంలో ఆగి, నీకు ఒకటి రాయమంది. మెయిల్లో తనే రాసుకోవచ్చు కదా అంటే, "మీరే అడగండి నాన్నా, ఇన్నాళ్లూ అడగలేదుగా" అంది.

అందుకని అడుగుతున్నాను. ఇల్లు మారుతున్నానన్నావు, ఎక్కడికో చెప్పలేదు. పాత ఇంటి నంబరు నాకు నోటికి వచ్చు, దానితో పని లేదు. నువ్వు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నావు? అడ్రసు రాయి. అది ఎన్నాళ్లు చెల్లుతుందో కూడా తప్పకుండా రాయమంది.

నీ జవాబు చూశాకే సిస్టర్లకి రాస్తుందట.

శౌరయ్య


చెన్నై,
20 మే 2003

మామగారికి నమస్కారాలు.

అడిగినందుకు సంతోషం. అడ్రసు ఈ ఉత్తరం వెనక రాశాను. ఆఫీసు కుర్రాళ్లతో కలిసి ఉంటున్న గది, మేడ మీద, మెట్లు బయటినుంచి.

ఇది ఈ నెలాఖరు దాకా చెల్లుతుంది. ముప్పైన సెలవు పెట్టి, ముందురోజు రాత్రి రైల్లో విజయవాడకి వస్తున్నాను. స్టేషన్‌లో దిగి ఇంటికి రాను. గుణదలలో కొండ కింద, కొవ్వొత్తుల కొట్ల దగ్గర నిలబడతాను. చీకటిపడేదాకా ఉంటాను. మర్నాడు కూడా ఉంటాను.

ఆ తర్వాత నా అడ్రసు ఏమిటో అమల చెప్పాలి. నేను ముందుగా ఏదీ రాసిపెట్టుకోలేదు.

మరియదాసు